పెద్దాయన అస్తమించిన రోజు

ఆ రోజు పొద్దున్న పరిశోధకురాలు అనుకున్నది చాలా చిన్న పని. గబగబా తయారై, ఏదో ఒకటి నోట్లో వేసుకుని, ఎండ ముదరకముందే రేడియో టెలిస్కోపు దగ్గరికి చేరుకోవాలి. చేరుకుని పెద్దాయనను చూడాలి. ఆయన అస్తమించేదాకా చూస్తూనే ఉండాలి. అంతే.

ఈ పెద్దాయన మనిషి కాదు. కొన్ని వందల ఏళ్ళ కిందట ఒక భారీ నక్షత్రం పేలిపోగా మిగిలిన శిథిలం. సూపర్‌నోవా అవశేషం అంటారు. పేలుడులో ఎగిరిన పదార్థం గుండ్రటి పెంకులా ఇప్పటికీ విస్తరిస్తూనే ఉంది. ఆ పెంకులోని అయస్కాంత క్షేత్రాల్లో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలను వెదజల్లుతుంటాయి. మామూలు కంటికి ఆనదు గానీ, రేడియో చెవితో వింటే ఆకాశంలో అంత గొంతున్నవి అరుదు. రేడియో తరంగాలకు పగలూ రాత్రీ పట్టింపు లేదు. అందుకని ఆవిడ ఉద్యోగం పట్టపగలు చుక్కలు చూడటం. తిరిగి ఇంటికొచ్చేసరికి ముఖం కూడా అలాగే ఉండేది.

ఆ పేరుకు అసలు హక్కుదారు మాత్రం మనిషే. టెలిస్కోపు కేంద్రానికి డైరెక్టరు. పునాది నుంచి డిష్ అంచు దాకా దగ్గరుండి కట్టించిన ఆయన పెళ్ళీ పెటాకులూ లేకుండా దానితోనే సంసారం చేస్తున్నాడు. ఊరంతా ఆయనను పెద్దాయన అనే పిలిచేది. గొంతు పెద్దది, కోపమొస్తే పేలడమే, పేలాక చల్లారడానికి వారాలు పట్టేది. కంట్రోల్ రూములో ఎవరో ఈ పోలికలన్నీ చూసుకుని అవశేషానికి కూడా ఆ పేరే తగిలించారు. సంగతి ఆయనకు తెలియదు. తెలియనివ్వకుండా అందరూ జాగ్రత్తపడ్డారు, రెండో పేలుడును దగ్గరనుంచి పరిశీలించే ఉబలాటం ఎవరికీ లేదు మరి.

ఇద్దరు పెద్దాయనల మధ్యా పరిశోధకురాలు నలిగిపోతోంది. ఆ పెంకు లోపల ఖాళీ లేదని ఆవిడ వాదం. పేలినప్పుడు విసిరేసిన పదార్థంలో కొంత ఇంకా ఏ దెబ్బా తగలకుండా లోపల చల్లగా పడి ఉందని, అవతలి వైపు పెంకు నుంచి వచ్చే తరంగాలు దాన్ని దాటుకుని రావాలి గనక, బాగా తక్కువ ఫ్రీక్వెన్సీలో కొన్ని అందులోనే ఇంకిపోతాయని చెప్పేది. ఆ ఇంకిపోవడాన్ని కొలిస్తే లోపలి వాయువు ఎంత చిక్కనో, ఎంత చల్లనో తేలుతుంది. డైరెక్టరు ఒప్పుకోలేదు. నిండు సభలో, "లోపలేం లేదమ్మా. డప్పు అంత మోగుతోందంటేనే డొల్ల అని అర్థం," అన్నాడు. సభ నవ్వింది. ఆ నవ్వు ఆవిడ చెవుల్లోంచి ఇంకా పోలేదు.

నిరూపించాలంటే నిశ్శబ్దం కావాలి. ఆకాశంలో కాదు, నేల మీద. ఆ ఫ్రీక్వెన్సీల్లోనే మనుషుల సందడి అంతా ఉంటుంది. కేంద్రం పక్క వీధిలో వెల్డింగ్ షాపు ఉంది. అక్కడ ఒక రవ్వ ఎగిరితే ఇక్కడ తెర మీద పిడుగు పడ్డట్టే. దాని చుట్టూ మోటార్ల షాపులు, టైర్ల షాపులు, అందరి జేబుల్లో ఫోన్లు. పైగా ఆ తక్కువ ఫ్రీక్వెన్సీలను పట్టే రిసీవర్‌ను మర్నాడే విప్పేసి, వేరే బృందం కోసం ఇంకొకటి బిగిస్తున్నారు. ముందురోజు రిసీవర్ మొరాయించి, బాగుచేసేలోపే అవశేషం దిగంతం కిందికి దిగిపోయింది. మిగిలింది ఈ ఒక్క రోజు.

ఆ దిగులుతో నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళతో ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, టెలిస్కోపు నడిపే ఆపరేటరమ్మతో ఫోనులో మాట్లాడింది. హాల్లో పేపరు చదువుతున్న మామగారికి ఈ వైపు మాటలు మాత్రం వినిపించాయి.

"నిన్న మనం చూసుకునేలోపే పెద్దాయన అస్తమించారు. ఏం చేస్తాం... లోపలంతా చల్లబడిపోయుంటారు, నాకు తెలుసు... బయట ఎంత వేడిగా ఉన్నా ఆయన లోపల చల్లనే, నేను మొదట్నించీ అంటూనే ఉన్నాగా... ఇవాళ దగ్గరుండి చూసుకోవాలి. రేపు పొద్దున్నే తీసేస్తారట, ఇంక చూద్దామన్నా ఉండదు."

మామగారి చేతిలో పేపరు మెల్లగా కిందికి దిగింది.

ఆయన తంతి కార్యాలయంలో పనిచేసి రిటైరైన మనిషి. ఎంత పొడుగు సంగతినైనా నాలుగు ముక్కల్లోకి కుదించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. జీవితమంతా ఊరివాళ్ళ చావుకబుర్లూ పుట్టుకకబుర్లూ అందరికన్నా ముందు తెలుసుకుని, రిటైరయ్యాక అందరికన్నా ఆఖర్న తెలుసుకుంటున్నందుకు లోలోపల కుమిలిపోతున్నాడు కూడా. కోడలి ఎర్రటి కళ్ళు చూసి లేచి వచ్చాడు.

"ధైర్యంగా ఉండమ్మా," అన్నాడు.

కోడలు రిసీవర్ గురించే అనుకుంది. "ఉంటాను మామయ్యా. ఇవాళ్టికి అంతా నిశ్శబ్దంగా ఉంటే చాలు. ఇంకేం అక్కర్లేదు."

"అది నేను చూసుకుంటాను," అన్నాడాయన బరువుగా.

ఆవిడ ఆ మాటను పట్టించుకోకుండా చెప్పుల్లో కాళ్ళు దూర్చి వెళ్ళిపోయింది.

అత్తగారు తొందరపడే మనిషి కాదు. నిన్నగాక మొన్న వీధిలో ఎవరినో కేకలేస్తున్న మనిషి ఇంతలో పోవడమేమిటి, ముందు కనుక్కోండి అని మొగుడికి చెప్పింది. ఆయన అన్యాయం చేయలేదు, కనుక్కున్నాడు. నేరుగా డైరెక్టరు నంబరుకే ఫోన్ చేశాడు. స్విచాఫ్ అని వచ్చింది. పోయిన మనిషి ఫోన్ ఎత్తలేదంటే ఇంకేం రుజువు కావాలని భార్యను నిలదీశాడు. ఆవిడ నోరు మూసుకుంది గానీ ముడిచిన ముఖం మాత్రం విప్పలేదు.

తర్వాత ఆయన తన సాయంకాలపు నడక స్నేహితుడైన వెల్డింగ్ షాపు ఓనరుకు కబురు అందించాడు. పాత అలవాటు కొద్దీ కబురు బిగువుగా వచ్చింది: పెద్దాయన పోయారు. నిన్ననే. రేపు తీసేస్తారు. ఇవాళే చూపు. ఊరంతా నిశ్శబ్దం పాటించాలి.

ఓనరు గుండె గుభేలుమంది. ఎందుకంటే ఆయనకూ డైరెక్టరుకూ ఏళ్ళ తరబడి ఉప్పూ నిప్పూ. వెల్డింగ్ ఆపమని ఆయన గోడ అవతల నుంచి అరవడం, ఆపనని ఈయన గోడ ఇవతల నుంచి అరవడం ఆ వీధికి గడియారం లాంటివి. క్రితం వారమే, "మీరు పోతే గానీ నాకు శాంతి లేదు," అని కూడా అనేశాడు. ఆ మాట గుర్తొచ్చి వెంటనే షాపు మూశాడు. మూసి ఊరుకోలేదు. వీధి పొడుగునా తిరిగి మోటార్లవాడి చేత, టైర్లవాడి చేత, పిండిమరవాడి చేత షట్టర్లు దింపించాడు. దించనన్నవాడి ముందు కన్నీళ్ళు పెట్టుకుని దింపించాడు.

కబురుకు కాళ్ళొచ్చాయి. మొదటి మలుపులో గుండెపోటు, రెండో మలుపులో డిష్ మీద నుంచి జారిపడటం. వీధి చివరికి చేరేసరికి, ఎవరినో తిడుతూ తిడుతూ వాక్యం మధ్యలో ఆగిపోయారట అని స్థిరపడింది. ఆ చివరిది అందరికీ నమ్మబుద్ధేసింది.

కంట్రోల్ రూముకు కిటికీలు లేవు. బయటి తరంగాలు లోపలికి, లోపలివి బయటికి పోకుండా చుట్టూ రేకు తొడిగిన గది అది. పరిశోధకురాలూ ఆపరేటరమ్మా డిష్‌ను అవశేషం వైపు తిప్పి కూర్చున్నారు. కాసేపు బాగానే నడిచింది. అంతలో తెర మీద ముళ్ళు మొలవడం మొదలైంది. ఒకటి, పది, ఆపైన ముళ్ళకంప. ఎక్కడో పదులకొద్దీ బళ్ళూ, వందలకొద్దీ ఫోన్లూ ఒక్కసారే కేంద్రం మీదికి దండెత్తినట్టుంది. ఆపరేటరమ్మ గేటుకు ఫోన్ చేసింది. కాపలాదారు బొంగురు గొంతుతో, జనం వస్తున్నారమ్మా, ఆపడానికి మనసొప్పడం లేదు అని పెట్టేశాడు.

పరిశోధకురాలు బయటికి పరుగెత్తింది.

ముందు హాల్లో కుర్చీలు వేసి ఉన్నాయి. బల్ల మీద డైరెక్టరు ఫోటో, దాని చుట్టూ పూలు. అది ఆయన ఆఫీసు గదిలోది. ఫోటోలో కూడా ఆయన ఎవరినో గదమాయిస్తున్నట్టే ఉన్నాడు. హాలు నిండా మనుషులు. గుమ్మం దగ్గర మామగారు నిలబడి, వచ్చినవాళ్ళ చేత ఫోన్లు ఆపించి లోపలికి పంపుతున్నాడు. తంతి కార్యాలయం మూతపడ్డాక ఆయన అంత నిటారుగా నిలబడటం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"మామయ్యా, ఎవరు పోయారు?"

"అదేంటమ్మా. పెద్దాయన అస్తమించారని పొద్దున నువ్వేగా చెప్పావు."

పొద్దున తానన్న మాటలన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చి ఎదురుగా వరసకట్టాయి. చల్లబడిపోయుంటారు. రేపు తీసేస్తారు. ఆవిడ వెంటనే డైరెక్టరుకు ఫోన్ చేసింది. స్విచాఫ్. ఇవాళ రానని, బయట పని ఉందని మాత్రం ఆయన నిన్న చెప్పాడు. ఏం పనో ఎవరికీ తెలియదు. పుకారు పుట్టింది తన నోట్లోనే కాబట్టి అబద్ధమని తెలుసు. అయినా ఆ పూల మధ్య ఫోటో చూస్తుంటే తెలిసిన సంగతి మీదే అనుమానం వచ్చింది.

ఇప్పుడే అందరికీ నిజం చెప్పేద్దామని ఊపిరి తీసుకుంది. అంతలో ఆపరేటరమ్మ వెనకనుంచి వచ్చి మోచెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, లోపలికి రా. ఏదో అయింది."

అయిందేమిటంటే తెర కడిగిన పలకలా ఉంది. బళ్ళు ఆగిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. పక్క వీధిలో ఒక్క రవ్వ లేదు, ఒక్క మోటారు లేదు. ఆ కేంద్రం కట్టిన నాటి నుంచీ అంత నిశ్శబ్దం ఎవరూ వినలేదు. అవశేషం గొంతు ఒక్కటే, తక్కువ ఫ్రీక్వెన్సీల అడుగు దాకా నున్నగా, స్పష్టంగా దిగుతోంది.

పరిశోధకురాలు కుర్చీలో కూలబడింది. ఇప్పుడు నిజం చెబితే జనం నవ్వుకుంటూ లేస్తారు. లేస్తూనే ఫోన్లు తీసి ఈ వింత పదిమందికీ చెబుతారు, షట్టర్లు లేస్తాయి, రవ్వలు ఎగురుతాయి. చెప్పకపోతే బతికున్న మనిషికి సంతాప సభ. అదే అంది ఆపరేటరమ్మతో. బతికున్న మనిషిని చంపి పని చేసుకోవడం తప్పు కదా అని.

ఆపరేటరమ్మ తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "మనం చంపలేదుగా. చంపినవాళ్ళు బయటున్నారు. మనం కాసేపు బతికించకుండా ఉంటే చాలు."

పరిశోధకురాలు హాల్లోకి వెళ్ళి, తలొంచుకుని, మామగారి చెవిలో ఒక్క మాట చెప్పింది. ఎవర్నీ తొందరపెట్టవద్దని, మాట్లాడాలనుకున్నవాళ్ళందరినీ కడుపునిండా మాట్లాడనివ్వమని. మామగారు కోడలి గురుభక్తికి కరిగిపోయాడు.

ఇంతకీ డైరెక్టరు చేస్తున్న రహస్యమైన పని ఏమిటంటే, దవడ పన్ను పీకించుకోవడం. ఊరంతా తనను చూసి వణుకుతుంటే, తాను సూదిని చూసి వణుకుతాడన్న సంగతి బయటపడకూడదని ఎవరికీ చెప్పకుండా, ఫోన్ ఆపి మరీ వెళ్ళాడు. పన్ను మొండికేసింది, వైద్యుడు అంతకన్నా మొండి. చివరికి నోటి నిండా దూది కుక్కి, వాచిన బుగ్గ చుట్టూ మఫ్లర్ చుట్టుకుని, కాసేపు మాట్లాడవద్దన్న ఆజ్ఞతో ఆయన నేరుగా కేంద్రానికే వచ్చాడు. ముందు హాల్లో ఏదో సభ. తనకు చెప్పకుండా తన కేంద్రంలో సభ ఏమిటని వెనక వరసలో కూర్చుని, ఎవరు పోయారో చూద్దామని మెడ సాచాడు.

చూశాక పేలబోయాడు. దూది అడ్డొచ్చి, "ఊ... ఊ..." అని మాత్రం వచ్చింది. పక్కనున్న టైర్ల షాపువాడు మఫ్లర్ మనిషి భుజం నిమిరి, ఊరుకోండి, ఏడిస్తే పోయినవాళ్ళు వస్తారా అని ఓదార్చాడు.

అప్పుడు మాట్లాడుతున్నది వెల్డింగ్ షాపు ఓనరు. గోడ అవతల నుంచి ఆ కేకలు లేకపోతే తనకు పొద్దే పోదని, ఆ మహానుభావుడు ఆపమన్నప్పుడు ఒక్కసారైనా ఆపలేదని చెప్పి, ఇక మీదట ఆయన పేరు మీద మధ్యాహ్నాలు షాపు మూసేస్తానని అందరి ముందూ ప్రమాణం చేశాడు. మోటార్లవాడూ లేచి నిలబడి తానూ అంతే అన్నాడు. తర్వాత మామగారు లేచాడు. తాను ఎక్కువ మాట్లాడనని, కోడలు పొద్దున్న అన్న మాట మాత్రం చెబుతానని అన్నాడు.

"బయట ఎంత వేడిగా ఉన్నా ఆయన లోపల చల్లనే అంది. మొదట్నించీ అంటూనే ఉన్నాగా అంది. అంతకన్నా నేను చెప్పేదేముంది."

మఫ్లర్ మనిషి కొంతసేపటికి మఫ్లర్ అంచుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

పరిశోధకురాలు గుమ్మం దగ్గరనుంచి చూసింది. మఫ్లర్ పైన దట్టమైన కనుబొమలు. అలాంటివి ఊళ్ళో ఒక్క జతే ఉన్నాయి. ఆవిడకు బతికున్నాడన్న సంతోషమూ, తాను ఇక బతకనన్న భయమూ కలిసే వచ్చాయి. దగ్గరికి వెళ్ళి వంగి, సార్, ఒక్కసారి లోపలికి రండి అని గొణిగింది. ఆయన లేచాడు. ఆవిడ దోషిలా వెనక నడిచింది.

కంట్రోల్ రూములో ఆయన తెర ముందు నిలబడ్డాడు. ఏదీ చెప్పనక్కర్లేకపోయింది. జీవితమంతా ఆ వీధి రొదతో యుద్ధం చేసిన మనిషికి ఆ నిశ్శబ్దం ఖరీదు తెలుసు. ముందు దాన్ని చూశాడు. తర్వాత దాని మీద అవశేషం గొంతును చూపే గీత చూశాడు. ఎక్కువ ఫ్రీక్వెన్సీ నుంచి తక్కువ వైపు నిక్కుతూ ఎక్కిన గీత, అట్టడుగు ఫ్రీక్వెన్సీకి చేరబోయే చోట, తరంగాలు ఇంకిపోతున్నట్టు, కొద్దిగా తల వంచుతోంది. పూర్తిగా వంచిందో లేదో చెప్పడానికి ఇంకా కొంతసేపు వినాలి. అవశేషం అస్తమించడానికి కొంత పొద్దుంది.

ఆ గీత వంగితే ఓడిపోయేది తానే. ఆ సంగతీ ఆయనకు తెలుసు. ఆయన పరిశోధకురాలి వైపు ఒకసారి చూసి, మఫ్లర్‌ను ముక్కు మీదికి లాక్కుని, తిరిగి వెళ్ళి వెనక వరసలో తన కుర్చీలో చనిపోయినట్టే కూర్చున్నాడు.

కానీ పొగడ్తలకూ హద్దుంటుంది. పిండిమరవాడి వంతు వచ్చేసరికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆయన కాసేపు నీళ్ళు నమిలి కూర్చున్నాడు. జనం సర్దుకుంటున్నారు. ఒకడి చెయ్యి జేబులోని ఫోన్ వైపు పోయింది. అప్పుడు వెనక వరసలో మఫ్లర్ మనిషి లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ పైకెత్తి, అందరినీ లేవమన్నట్టు సైగ చేసి, తల వంచి మౌనం పాటించాడు.

అందరూ లేచారు. మామూలుగా ఇలాంటి మౌనం ఎవరో ఒకరు దగ్గితే అయిపోతుంది. ఇది అవలేదు. ఆ కొత్త మనిషి తల ఎత్తడం లేదు. అంత దుఃఖంలో ఉన్నవాడికన్నా ముందు కూర్చోవడం మర్యాద కాదని ఎవరికి వారే నిలబడ్డారు. కాళ్ళు లాగాయి. టైర్లవాడు ఒంటికాలి మీదికి, ఆ తర్వాత రెండో కాలి మీదికి మారాడు. పోయినాయనకు ఎంత దగ్గరివాడో పాపం అని మామగారు పక్కవాడి చెవిలో అన్నాడు. కిటికీల్లోంచి పడిన ఎండ గోడ మీద జరిగింది. హాలంతా, దాని వెనక వీధంతా, చీమ చిటుక్కుమంటే వినబడేటట్టు ఉంది.

చివరికి లోపలి తలుపు తెరుచుకుంది. ఆపరేటరమ్మ గుమ్మంలో నిలబడి, "పెద్దాయన అస్తమించారు," అంది.

"ఎన్నిసార్లు చెబుతారమ్మా," అన్నాడు మామగారు.

మఫ్లర్ మనిషి మెల్లగా మఫ్లర్ విప్పాడు.

కాపలాదారు గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. డైరెక్టరు నోట్లోంచి దూది తీసి రుమాల్లో చుట్టి, వెల్డింగ్ షాపు ఓనరు దగ్గరికి నడిచాడు.

"మధ్యాహ్నాలు మూసేస్తానన్నావు. ఇంతమందీ విన్నారు," అన్నాడు, వాచిన బుగ్గతో మాటలు నలుగుతుంటే.

ఓనరు ఆయనను పైనుంచి కింద దాకా చూశాడు. ఒకసారి మోచెయ్యి తాకి చూశాడు. తర్వాత గట్టిగా వాటేసుకుని, మూసేస్తాను సార్, మూసేస్తాను అని భోరుమన్నాడు.

డైరెక్టరు ఆ కౌగిలి విడిపించుకుని కంట్రోల్ రూములోకి వెళ్ళాడు. ఆయన వెనక హాలంతా వెళ్ళింది. అంతకుముందు ఎవరినీ గుమ్మం తొక్కనివ్వని గదిలో ఆ రోజు టైర్లవాడు కూడా తెరకు ముక్కు ఆనించి చూశాడు. గీత స్పష్టంగా తల వంచింది. వేడివేడి పెంకు లోపల చల్లటి వాయువు ఉంది. ఎంత ఉందో, ఎంత చిక్కగా ఉందో తేల్చడానికి నెలల తరబడి లెక్కలు కావాలి గానీ, ఉందనడానికి ఇక లెక్కలు అక్కర్లేదు.

"డొల్ల కాదు," అన్నాడు డైరెక్టరు. గది నిండా వినబడేటట్టు రెండోసారి అన్నాడు. "నేను తప్పు. మా అమ్మాయి ఒప్పు."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. దేనికో సగంమందికి తెలియకపోయినా అందరూ కొట్టారు. ఒక మనిషి తిరిగొచ్చాడు, ఒక ఆడపిల్ల గెలిచింది, అంతవరకు అర్థమైంది. పూలను ఫోటో దగ్గరనుంచి తీసి పరిశోధకురాలి చేతుల్లో పెట్టారు. మామగారు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉంటే, కోడలు వెళ్ళి ఆయన పక్కన నిలబడి, మా మామయ్య లేకపోతే ఇది జరిగేది కాదు అంది. అందులో అబద్ధం అక్షరం కూడా లేదు. ఇంటికి వెళ్ళాక అత్తగారు సంగతంతా విని, ముందు కనుక్కోమన్నానా లేదా అని ఒక్క ప్రశ్న వేసింది. సరిగ్గా కనుక్కుని ఉంటే ఏమయ్యేదో కోడలు నచ్చజెప్పేదాకా ఆయనకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

లెక్కలు తేలాయి. పరిశోధన వ్యాసం అచ్చయింది. పరిశోధకురాలు ఆ ఏడాది ఒక పెద్ద మహాసభలో దాన్ని చదివితే ఈసారి నవ్వినవాళ్ళెవరూ లేరు. మొదటి వరసలో డైరెక్టరు కూర్చుని, ప్రశ్నలడగబోయినవాళ్ళను కనుబొమలతోనే కూర్చోబెట్టాడు. వ్యాసం చివర, పరిశీలన రోజున చుట్టుపక్కలవారు స్వచ్ఛందంగా పాటించిన మౌనానికి కృతజ్ఞతలు చెప్పారు. అది చదివిన దూరదేశపు టెలిస్కోపు కేంద్రమొకటి, నడి ఊళ్ళో అంత నిశ్శబ్దం ఎలా సాధించారో దయచేసి తెలుపగలరని డైరెక్టరుకు రాసింది.

అందుకు సంస్థ అధిపతి కొద్దిపాటి త్యాగం చేయవలసి ఉంటుందని ఆయన జవాబు పంపాడు.